ప్రాచీన భవనముల సంరక్షణము

చరిత్ర యనగానే మనకు పాఠ్యపుస్తకము జ్ఞప్తికి వచ్చును. కాని పుస్తకములకెక్కని చరిత్ర కొంత రాళ్లయందును సున్నపు గోడలయందును నిలిచియుండును. మన సికింద్రాబాదు 1806వ సంవత్సరమున నిజాము సికందర్ జా పేరిట వెలసినది. 1813 నాటి సెయింట్ జాన్స్ చర్చి, స్వామి వివేకానందుడు 1893లో ప్రసంగించిన మహబూబు కళాశాల, 1897లో నెలకొన్న గడియార స్తంభము, ఇవి యన్నియు నీ పట్టణ జీవితమునకు సాక్షులు. పుస్తకము చినిగినచో మఱల నచ్చువేయవచ్చును. భవనము కూలినచో దానివంటిది కట్టవచ్చునే గాని దానిని తిరిగి తేజాలము. కావున వీనిని కాపాడు విధమెట్టిదో తెలిసికొనుట యవసరము.

హైదరాబాదు సంస్థానమున 1914లోనే పురావస్తు శాఖ యేర్పడి, గులాం యజ్దానీగారి నాయకత్వమున అజంతా మొదలగు స్థలములను కాపాడెను. అయితే ప్రభుత్వ శాఖలు కోటలను, గుహలను, గొప్ప స్మారకములను చూచుకొనుచుండగా, ఊరి నడుమ నున్న బడులు, మేడలు, అంగళ్లు, స్టేషనులు దిక్కులేనివగుచుండెను. ఈ కొఱత తీర్చుటకై 1984లో ఢిల్లీ కేంద్రముగా ‘ఇన్‌టాక్’ అను జాతీయ సంస్థ స్థాపింపబడెను. దాని హైదరాబాదు శాఖ మన జంటనగరములందు పనిచేయుచున్నది. ఇట్టి సంఘముల పని నాలుగు విధములు.

మొదటిది పట్టిక. ఏ భవనమెక్కడ నున్నది, ఎవరు కట్టిరి, ఏ వస్తువులతో కట్టిరి, ఇప్పుడెట్లున్నదని వ్రాసి, కొలతలును ఛాయాచిత్రములును చేర్చి భద్రపఱతురు. పేరు లేనిదానికై వాదించువాడుండడు గదా!

రెండవది చట్టము. హైదరాబాదునందు 1995లో వారసత్వ భవనములకు ప్రత్యేక నిబంధనలు వచ్చెను; నూఱుకు పైగా కట్టడములు రక్షిత పట్టికలోనికెక్కెను. ఆ నిబంధనలు 2015లో రద్దయ్యెను. 2017లో తెలంగాణ వారసత్వ చట్టము వచ్చెను. పట్టిక యొక్క విలువ 2019లో తేటపడెను. నూతన శాసనసభా భవనమునకై ఎర్రం మంజిల్ అను ప్రాచీన సౌధమును కూల్చ నిశ్చయింపగా, పౌరులు ఉన్నత న్యాయస్థానము నాశ్రయించిరి. ఆ సౌధము పూర్వపు వారసత్వ పట్టికలో నుండుట వారి వాదమునకు బలమిచ్చెను. సెప్టెంబరులో న్యాయస్థానము ఆ నిశ్చయమును కొట్టివేసెను.

మూడవది మరమ్మతు. ఇందు మంచి మనస్సొక్కటియే చాలదు. మన పూర్వులు గానుగ సున్నముతో కట్టిరి. కొన్నిచోట్ల దానిలో బెల్లపు నీరు, కరక్కాయ రసము కలిపిరి. సున్నము మెత్తనిది, గోడలోని తేమను వెలికి పోనిచ్చును. సిమెంటు గట్టిది, తేమను లోననే బంధించును. పాత గోడపై సిమెంటు పూసినచో పైకి నునుపుగా కనబడును గాని, లోన రాయి, ఇటుక చివికి పోవును. కావున సున్నమునకు సున్నమే మందు. వాన నీటి తూములను శుభ్రపఱచుట, పగుళ్లలో మొలచిన రావి మొక్కను వేరూనక పూర్వమే తీయుట, ఇవి చిన్న పనులే యయినను పెద్ద వ్యయమును తప్పించును.

నాలుగవది ప్రజాభిప్రాయమును మేల్కొలుపుట. ఇన్‌టాక్ శాఖవారు పాత వీథులలో జనులను నడిపించి చూపుచు, తమ భవనములను శ్రద్ధతో కాపాడుకొన్నవారికి పురస్కారము లిచ్చుచున్నారు. యజమానికి గౌరవము కలిగినచో గోడకు ఆయుస్సు పెరుగును.

పెరుగుచున్న పట్టణమునకు వెడల్పు బాటలు వలదా యని కొందఱడుగుదురు. వలయును, ఆ ప్రశ్న న్యాయమైనదే. 1874లో ఆరంభమైన మన రైల్వే స్టేషను యొక్క పాత ముఖభవనము పునర్నిర్మాణమునకై 2025లో తొలగింపబడెను. ప్రయాణికులకు స్థలము కావలసిన మాట నిజమే. ఆ ముఖభవనము ఇక కనబడదనుటయు నిజమే. గడియార స్తంభమును సైతము వాహనముల రద్దీకై తొలగింపవలెనను తలంపు 2003లో పుట్టెను. కాని యది నిలిచి, బాగుచేయబడి, నేటికిని నూటయిరువది యడుగుల యెత్తున నున్నది. ప్రతి పాతగోడను నిలుపుట సాధ్యము కాదు. కాని కూల్చుటకు ముందు విచారించుట సాధ్యము. కూల్చిన పిదప విచారించుట నిష్ప్రయోజనము.

ఇందు విద్యార్థులు చేయదగినదేమి? మీ వీథిలోని పాత కట్టడమొకటి యెన్నుకొనుడు. దాని వయస్సును పెద్దలనడిగి, ద్వారముపై చెక్కిన సంవత్సరమును చూచి వ్రాసికొనుడు. కొలిచి పటము గీయుడు. గోడలపై పేర్లు చెక్కకుడు; చెక్కువారిని వారింపుడు. మీరు వ్రాసిన యొక్క పుటయే రేపు ఆ భవనమునకు సాక్ష్యము కావచ్చును.