"ఏం గేమ్ ఆడుతున్నావ్?" అని ఒకసారి అడిగి చూడండి



పోయిన పేరెంట్-టీచర్ మీటింగ్‌లో ఏడో తరగతి చదివే ఒక అబ్బాయి వాళ్ల నాన్నగారు కుర్చీలో సరిగ్గా కూర్చోకముందే అడిగారు. "మేడమ్, ఇంట్లో మేము ఫోన్ లాక్కుంటున్నాం. మీరేమో క్లాసులో గేమ్స్ గురించి మాట్లాడిస్తున్నారట. ఇంత ఫీజు కడుతున్నది ఇందుకేనా?" పక్కనే ఉన్న అమ్మగారు "ఊరుకోండి" అన్నారు గానీ, ఆమె మొహంలోనూ అదే ప్రశ్న కనిపించింది.

ఆ ప్రశ్న న్యాయమైనదే. బయట ఇంకా పదిమంది వెయిట్ చేస్తుంటే ఐదు నిమిషాల్లో పూర్తిగా జవాబు చెప్పలేకపోయాను. మీలో ఇంకొందరికి కూడా ఇదే సందేహం ఉండవచ్చు. అందుకే ఈ నెల ఈ పేజీలో వివరంగా రాస్తున్నాను. పిల్లల పేర్లు రాయడం లేదు. రాస్తున్నానని మాత్రం వాళ్లకు చెప్పాను.

క్లాసులో ఏం జరిగింది?

మా ఇంగ్లీష్ సిలబస్‌లో అభిప్రాయం రాయడం ఒక ముఖ్యమైన భాగం. ఒక విషయం మీద నీ అభిప్రాయం చెప్పు, కారణం చెప్పు, ఉదాహరణ ఇవ్వు. మొదట "నాకు నచ్చిన పండుగ" అనే టాపిక్ ఇచ్చాను. నోట్‌బుక్స్ దిద్దుతుంటే దాదాపు అన్నిట్లో గైడ్‌లో ఉన్న వాక్యాలే వచ్చాయి. స్పెల్లింగ్ తప్పుల్లేవు. కానీ ఎవరి అభిప్రాయమూ అందులో లేదు.

నేను చెప్పబోయే అబ్బాయి జూన్ నుంచి నాతో మాట్లాడింది "ఎస్ మేడమ్", "నో మేడమ్" మాత్రమే. ఒకరోజు లంచ్ టైమ్‌లో చేతులు కడుక్కునే చోట అతని గొంతు వినిపించింది. ముగ్గురు స్నేహితులతో ఒక గేమ్ గురించి గట్టిగా వాదిస్తున్నాడు. "అలా కాదురా, ఎందుకంటే..." అని మొదలుపెట్టి, వాళ్ల ఒక్కో మాటకూ ఒక్కో కారణం చెప్తున్నాడు. ఆ "ఎందుకంటే" అనే మాట కోసమే నేను రెండు వారాలుగా క్లాసులో గొంతు చించుకుంటున్నాను!

మర్నాడు బోర్డు మీద "వాట్ ఆర్ యూ ప్లేయింగ్ నౌ?" అని రాశాను. మొబైల్ గేమ్ కావచ్చు, క్యారమ్స్ కావచ్చు, చెస్ కావచ్చు, గల్లీ క్రికెట్ కావచ్చు అన్నాను. ఒక్కరూ నోరు విప్పలేదు. కారణం నాకు తర్వాత తెలిసింది. స్కూల్ తెరిచిన కొత్తలో నేనే "ఫోన్‌లో గేమ్స్ ఆడేవాళ్లకు మార్కులు రావు" అని క్లాసంతటికీ చెప్పాను. ఇప్పుడు పేర్లు రాసుకుని ఇంటికి ఫోన్ చేస్తానేమో అనుకున్నారు. ఆ మాట అనడం నా పొరపాటని క్లాసులోనే ఒప్పుకున్నాను. అప్పుడు చేతులు లేచాయి.

"సూపర్" అంటే సరిపోదు

మొదటి రౌండ్ ఇలా సాగింది: "సూపర్ గేమ్ మేడమ్." "గ్రాఫిక్స్ కేక మేడమ్." "చాలా బోర్ మేడమ్." ఇవన్నీ అభిప్రాయాలే గానీ వినేవాళ్లకు ఏమీ తెలియదు. అందుకే నాలుగు నియమాలు పెట్టాను.

1. ఆ ఆట ఎంతసేపు ఆడావో ముందు చెప్పాలి.
2. ఆ ఆట అసలు తెలియనివాళ్లకు అర్థమయ్యేలా, అందులో ఏం చేయాలో చెప్పాలి.
3. నచ్చినది ఒకటి, నచ్చనిది ఒకటి చెప్పాలి. రెండింటికీ "బికాజ్" ఉండాలి.
4. ఎవరికి నచ్చుతుందో, ఎవరికి నచ్చకపోవచ్చో చెప్పాలి.

మొదటి నియమం నేను కనిపెట్టింది కాదు. కంప్యూటర్ గేమ్స్ అమ్మే స్టీమ్ అనే స్టోర్‌లో, రివ్యూ రాసిన మనిషి ఆ గేమ్ ఎన్ని గంటలు ఆడాడో రివ్యూ పక్కనే కనిపిస్తుంది. ఒక గంట ఆడి "బాగాలేదు" అన్నవాళ్ల మాటకూ, రెండు వందల గంటలు ఆడి "బాగాలేదు" అన్నవాళ్ల మాటకూ తేడా చదివేవాళ్లే తేల్చుకుంటారు. ఈ సంగతి చెప్పగానే పిల్లలకు నచ్చేసింది.

తర్వాత వాస్తవానికీ అభిప్రాయానికీ తేడా చెప్పుకున్నాం. క్లాసులో ఎక్కువమందికి తెలిసిన మైన్‌క్రాఫ్ట్‌ను ఉదాహరణగా తీసుకున్నాం. దాని పూర్తి వెర్షన్ 2011లో వచ్చింది. తయారుచేసిన స్వీడన్ కంపెనీ మోజాంగ్‌ను 2014లో మైక్రోసాఫ్ట్ 250 కోట్ల డాలర్లకు కొనేసింది. ఇవి వాస్తవాలు. "ప్రపంచంలో ఇదే బెస్ట్ గేమ్" అనేది అభిప్రాయం. "ఆ గేమ్‌లో ఒక పగలూ రాత్రీ కలిపి మన గడియారంలో 20 నిమిషాలు" అనేది వాస్తవం, గడియారం పెట్టుకుని చూడవచ్చు. "రాత్రి త్వరగా వచ్చేస్తుంది కాబట్టి కొత్తగా ఆడేవాళ్లకు భయం వేస్తుంది" అనేది వాస్తవం మీద నిలబడ్డ అభిప్రాయం. ఈ చివరి రకం వాక్యమే పరీక్షలో మార్కులు తెస్తుంది. ఆ నాన్నగారి ప్రశ్నకు నా మొదటి జవాబు ఇదే.

ఆరు నిమిషాలు మాట్లాడాడు

మన అబ్బాయి వంతు వచ్చింది. అతను ఎంచుకున్నదీ మైన్‌క్రాఫ్టే. "నాకు ఈ ఆట తెలియదు, మొదటి నుంచి చెప్పు" అన్నాను. "ఫస్ట్ యూ హావ్ టు కట్ ది ట్రీ, మేడమ్" అని మొదలుపెట్టాడు. చెట్టు కొడితే దుంగ వస్తుంది. ఒక దుంగకు నాలుగు పలకలు. పని చేసుకునే బల్లకు నాలుగు పలకలు కావాలి. రాయి తవ్వే చెక్క గునపానికి మూడు పలకలు, రెండు కర్రలు. రెండు పలకలు పెడితే నాలుగు కర్రలు వస్తాయి.

వెనక బెంచీ నుంచి ఒకరు "అయితే మొత్తం ఎన్ని దుంగలు కొట్టాలిరా?" అని అడిగారు. అతను ఆగి, బోర్డు దగ్గరికి వచ్చి లెక్క వేశాడు. నాలుగు, మూడు, రెండు కలిపితే తొమ్మిది పలకలు. మూడు దుంగలకు పన్నెండు పలకలు వస్తాయి. "త్రీ ఆర్ ఎనఫ్. త్రీ ప్లాంక్స్ విల్ రిమెయిన్." క్లాసంతా సరిచూసి ఒప్పుకుంది. మొత్తం ఆరు నిమిషాలు ఇంగ్లీష్‌లో మాట్లాడాడు. గ్రామర్ తప్పులు చాలా ఉన్నాయి. మధ్యలో ఆపలేదు, పీరియడ్ చివర్లో మూడు మాత్రమే దిద్దాను.

ఒక అమ్మాయి లేచి తనకు ఆ గేమ్ నచ్చలేదంది. "అందులో గెలిచావని ఎవరూ చెప్పరు, ఎంతసేపని కడుతూ కూర్చుంటాం?" అని ఆమె పాయింట్. అతను "నీకేం తెలుసు" అనలేదు. "ఏం కట్టాలో మనమే అనుకోవాలి, అదే నాకు ఇష్టం" అన్నాడు. చివరికి ఆమె నోట్‌బుక్‌లో రాసుకున్నది ఇది: "ఏం చేయాలో తామే నిర్ణయించుకోవడం ఇష్టమైనవాళ్లకు ఈ గేమ్ నచ్చుతుంది. నాకు నచ్చదు." పన్నెండేళ్ల వయసులో ఎదుటివాళ్లను చిన్నబుచ్చకుండా కాదనడం నేర్చుకోవడం చిన్న విషయం కాదు.

అభిప్రాయం మార్చుకోవచ్చనీ చెప్పాను. 2016 ఆగస్టులో "నో మ్యాన్స్ స్కై" అనే గేమ్ వచ్చినప్పుడు, చెప్పినవన్నీ అందులో లేవని ఆడేవాళ్లు మండిపడ్డారు. తయారుచేసిన చిన్న బ్రిటిష్ టీమ్ ఆ తర్వాత ఏళ్ల తరబడి ఉచితంగా కొత్త భాగాలు కలుపుతూ వచ్చింది. తిట్టినవాళ్లలో చాలామంది మెచ్చుకున్నారు. మాట మార్చడం తప్పు కాదు, ఎందుకు మార్చామో చెప్పగలగాలి.

గంటల లెక్క

మొదటి నియమం గుర్తుంది కదా? మన అబ్బాయి "రోజూ అరగంట" అని రాశాడు. అందరికీ ఒక హోంవర్క్ ఇచ్చాను: అమ్మ లేదా నాన్న పక్కన ఉండగా ఫోన్ సెట్టింగ్స్‌లో "డిజిటల్ వెల్‌బీయింగ్" తెరిచి, ఆ యాప్ పోయిన వారం ఎంతసేపు వాడారో చూసి రావాలి.

మర్నాడు అతను కొంచెం నీరసంగా వచ్చాడు. రోజుకు సగటున రెండు గంటల పది నిమిషాలు. అంటే వారానికి పదిహేను గంటల పైన. "నిజంగా అరగంటే అనుకున్నా మేడమ్" అన్నాడు. అబద్ధం చెప్పలేదని నాకు అర్థమైంది. ఆడేటప్పుడు టైమ్ తెలియదు, పెద్దవాళ్లం రీల్స్ చూసేటప్పుడు మనకు తెలియనట్టే. క్లాసులో ఎవరూ తిట్టలేదు. తన రివ్యూలో అరగంట కొట్టేసి అసలు లెక్క తనే రాసుకున్నాడు. స్టడీ అవర్ అయ్యాక గంట మాత్రమే అని ఇంట్లో తనే ఒప్పందం పెట్టాడు. పూర్తిగా మారిపోయాడని చెప్పను. పోయిన వారం ఒకరోజు గంటన్నర దాటిందట. ఆ సంగతీ తనే వచ్చి చెప్పాడు.

ఇంకో సంగతి దీనికంటే పెద్దది. "నచ్చనిది" చెప్పే వంతులో మరో విద్యార్థి, గేమ్ చాట్‌లో ఎవరో తెలియని మనిషి "ఫ్రీగా కాయిన్స్ ఇస్తా, అమ్మ ఫోన్‌కు వచ్చే ఓటీపీ చెప్పు" అని అడిగాడని చెప్పాడు. అదృష్టం, చెప్పలేదు. "ఇంట్లో చెప్పావా?" అని అడిగితే తల అడ్డంగా ఊపాడు. చెప్తే ఫోన్ తీసేసుకుంటారని భయం. ఆ పిల్లవాడికి చెప్పే ఆ రోజే వాళ్ల ఇంటికి ఫోన్ చేశాను. నాన్నగారికి నా రెండో జవాబు ఇది. గేమ్ మాట ఎత్తితేనే తిట్లు పడతాయని తెలిసిన పిల్లలు ఆడటం మానరు, మనకు చెప్పడం మానేస్తారు.

ఇంట్లో మీరు చేయగలిగినవి

ముందు ఆట గురించి, తర్వాతే టైమ్ గురించి. "ఎంతసేపు ఆడతావురా?" అనేది చివరి ప్రశ్న కావాలి. "ఏం గేమ్? అందులో నువ్వేం చేయాలి? ఎక్కడ కష్టం? ఎవరితో ఆడుతున్నావ్?" అనేవి ముందు ప్రశ్నలు. ఆ నాలుగో ప్రశ్న అన్నిటికంటే ముఖ్యం.

తెలుగులోనే మాట్లాడుకోండి. "ఇంగ్లీష్‌లో చెప్పు" అని బలవంతం చేయవద్దు. కారణం తెలుగులో తెలిస్తే దాన్ని ఇంగ్లీష్‌లోకి తెచ్చే పని మాది.

వయసు అంకె చూడండి. ప్లే స్టోర్‌లో గేమ్ పేరు కింద 3+, 7+, 12+, 16+, 18+ అని ఉంటుంది. అది ఆట సులువా కష్టమా అని చెప్పే అంకె కాదు. అందులో చూపించే హింస, భాష వంటివి ఏ వయసుకు తగినవో చెప్పే అంకె.

డబ్బు దారులు మూసేయండి. ప్లే స్టోర్ సెట్టింగ్స్‌లో ప్రతి కొనుగోలుకూ పాస్‌వర్డ్ అడిగేలా పెట్టండి. యూపీఐ పిన్, ఓటీపీ పిల్లలకు చెప్పవద్దు. డబ్బు పందెంగా పెట్టి ఆడే ఆన్‌లైన్ గేమ్స్‌ను నిషేధిస్తూ 2025 ఆగస్టులో పార్లమెంటు చట్టం చేసింది. అలాంటిది ఫోన్‌లో కనిపిస్తే చర్చ అక్కర్లేదు, తీసేయండి. డబ్బు పోయిందని తెలిస్తే ఆలస్యం చేయకుండా సైబర్ క్రైమ్ హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి.

ఎప్పుడు ఆందోళన పడాలి? ప్రపంచ ఆరోగ్య సంస్థ 2022 జనవరి నుంచి అమల్లో ఉన్న వ్యాధుల జాబితాలో గేమింగ్ డిజార్డర్‌ను చేర్చింది. ఆపుకోలేకపోవడం, మిగతా పనులన్నిటికంటే గేమ్‌కే ప్రాధాన్యం ఇవ్వడం, నష్టం జరుగుతున్నా కొనసాగించడం దాని లక్షణాలు. ఇవి సాధారణంగా 12 నెలలు కొనసాగితేనే ఆ పేరు పెడతారు. సెలవుల్లో నాలుగు రోజులు ఎక్కువ ఆడితే అది జబ్బు కాదు. అయితే నిద్ర, తిండి, స్కూల్ దెబ్బతింటుంటే మాత్రం ఏడాది ఆగవద్దు. మాకు చెప్పండి, డాక్టర్‌ను కలవండి.

చివరగా ఆ నాన్నగారి గురించి

ఆ రోజు మీటింగ్‌లో నేను ఆయన్ని తిరిగి ఒక ప్రశ్న అడిగాను. "సార్, మీరు చదువుకునే రోజుల్లో ఫోన్‌లో ఏం ఆడేవారు?" ఆయన నవ్వేశారు. "మా అన్నయ్య నోకియా ఫోన్‌లో పాము ఆట. మొదట్లో చాలా ఈజీ. తినేకొద్దీ పాము పెరుగుతుంది, చివరికి మన తోకే మనకు అడ్డం. అందుకే వదిలేవాళ్లం కాదు." నాలుగు నియమాల్లో రెండు ఆయన అక్కడికక్కడే పాటించారు. ఆ మాటే ఆయనతో అన్నాను. అబ్బాయి వాళ్ల నాన్న మొహంలోకి కొత్తగా చూశాడు. "నువ్వు కూడా ఆడావా నాన్నా? హై స్కోర్ ఎంత?" అని అడిగాడు. మెట్లు దిగుతూ ఇద్దరూ ఇంకా అదే మాట్లాడుకుంటున్నారు.

ఈ నెల ఏడో తరగతి తల్లిదండ్రులకు ఒక చిన్న పని. ఈ ఆదివారం పది నిమిషాలు మీ పిల్లల పక్కన కూర్చుని వాళ్లు ఆడే ఆట చూడండి. తర్వాత మీ చిన్నప్పటి ఆట ఒకటి, అష్టాచెమ్మా అయినా, పాము ఆట అయినా, పైన చెప్పిన నాలుగు నియమాలతో వాళ్లకు చెప్పండి. వాళ్లు అది విని ఐదు వాక్యాల్లో ఇంగ్లీష్‌లో రాసి సోమవారం తెస్తారు. దిద్దేటప్పుడు మీ ఆటల గురించి చదవడానికి నేను ఎదురుచూస్తుంటాను.

మీ పిల్లల ఇంగ్లీష్ టీచర్