పురిటి లెక్కలు - వాని ప్రయోజనము

బిడ్డ పుట్టిన దినము, బరువు, తల్లిదండ్రుల పేర్లు వ్రాసి యుంచుట కేవలము కచేరీ పనియని మనలో పెక్కురు తలంచుదురు. కాని ఆ లెక్కలు సరిగా నున్నచో, ఏండ్లు గడచిన పిమ్మటగూడ వైద్యశాస్త్రమునకు దారి చూపగలవు. దీనికి నిదర్శనము హైదరాబాదు చెంతనే కలదు.

ఉస్మానియా విశ్వవిద్యాలయ ప్రాంతమున, తార్నాకలో జాతీయ పోషకాహార సంస్థ యున్నది. 1918లో కూనూరులో పుట్టిన ఈ సంస్థ 1958లో హైదరాబాదునకు తరలివచ్చినది. 1987-90 నడుమ ఈ సంస్థవారు నగర సమీపమున 29 గ్రామములలో ఒక పరిశీలన గావించిరి. 15 గ్రామములలో అంగన్‌వాడీల ద్వారా గర్భిణులకును, ఆరేండ్లలోపు పిల్లలకును మొక్కజొన్న-సోయా పిండి, సోయా నూనెలతో వండిన ఉప్మా పెట్టుచుండిరి. గర్భిణికి దినమునకు సుమారు 500 కెలోరీలు, బిడ్డకు 300 కెలోరీలు లభించెడివి. తక్కిన 14 గ్రామములకు ఆ పథకము అప్పటికింకను రాలేదు. పుట్టిన బిడ్డలను తూచి, బరువులు వ్రాసి యుంచిరి. ఆహారమందిన గ్రామములలో సగటు బరువు సుమారు 60 గ్రాములు హెచ్చుగా నుండెను.

కథ అంతటితో ముగియలేదు. 2003-05లో శాస్త్రజ్ఞులు ఆ గ్రామములకు మరల వెళ్లి, నాటి బిడ్డలలో 13 మొదలు 18 ఏండ్ల వయసుగల 1,165 మందిని పరీక్షించిరి. ఆహారమందిన ఊళ్లవారు సగటున 14 మిల్లీమీటర్లు పొడవుగా నుండిరి. వారి రక్తనాళములు కొంత మెత్తగా నుండెను. మధుమేహమునకు తొలిమెట్టగు లక్షణము, అనగా ఇన్సులిన్ చక్కగా పనిచేయకుండుట, వారిలో తక్కువగా కనబడెను. ఈ ఫలితములు 2008లో ప్రకటింపబడినవి. అయితే యువకులైన పిదప పరీక్షింపగా ఎముకల గట్టిదనములో చెప్పదగిన భేదము కానరాలేదు. కావున ఒక్క పరీక్షతో తీర్పు చెప్పరాదు. ఒకే జనమును ఏండ్ల తరబడి పరిశీలింపవలెను.

మైసూరులో ఒక ఆసుపత్రివారు 1934 నుండి భద్రపరచిన కాన్పుల పుస్తకములు ఇట్లే ఉపకరించినవి. చిన్నవారుగా పుట్టినవారిలో పెద్దవయసున గుండెజబ్బు హెచ్చని వానివలన 1996లో తెలిసినది.

ఊరిలో ఒకే పేరుగలవారు పలువురుందురు. ఆడబిడ్డలు అత్తవారిండ్లకు పోవుదురు. పుట్టిన దినమో తల్లి పేరో తప్పుగా వ్రాసినచో, ఆనాటి బిడ్డ యెవరో పోల్చుకొనుట దుర్ఘటము. అప్పుడు వ్రాసిన బరువు ఎవరికిని కొరగాదు.

కావున జననమును 21 దినములలోపల నమోదు చేయింతము. బిడ్డను పుట్టిన వెంటనే తూచుమని అడుగుదము. తల్లీబిడ్డల కార్డును పట్టాకాగితమువలె దాచుకొందము. పరిశోధకులు వచ్చినపుడు, పేర్లు గోప్యముగా నుంచెదరా యని అడిగి, సమ్మతమైననే వివరములిత్తము. అట్లు చేసినచో నేటి మన లెక్క రేపటి తల్లులకు రక్షయగును.