యూనియన్ పేరెత్తితే గేటు బయటేనా?

ప్రశ్న: మాది చిలమత్తూరు మండలం. వానల్లేక శెనక్కాయ చేను బీడుపెట్టి, కొడికొండ చెక్‌పోస్టు అవతల గార్మెంట్స్ పనికి పోతాండాను. సంఘం పెట్టుకుందామని నలుగురం అనుకుంటే సూపర్‌వైజరు పని తీసేస్తామంటాండాడు. తీసేయొచ్చునా?

జవాబు: కుదరదమ్మా. సంఘం పెట్టుకునే హక్కు రాజ్యాంగం 19వ అధికరణంలోనే ఉంది. 1948 నాటి విశ్వ మానవ హక్కుల ప్రకటనలోనూ ఉంది. (ఇదే హక్కు మీద అంతర్జాతీయ కార్మిక సంస్థ చేసిన 87, 98 ఒప్పందాలను మాత్రం మన దేశం ఇప్పటికీ ఆమోదించలేదు. ఇది సిగ్గుపడాల్సిన సంగతే.)

1926 నాటి ట్రేడ్ యూనియన్ చట్టం బదులు 2025 నవంబరు 21 నుంచి పారిశ్రామిక సంబంధాల కోడ్ నడుస్తోంది. రిజిస్ట్రేషన్‌కు ఏడుగురు దరఖాస్తు పెట్టొచ్చు. అయితే కార్మికుల్లో పదోవంతు గానీ వందమంది గానీ, ఏది తక్కువైతే అంతమంది సభ్యులుండాలి. ఆరువందల మంది పనిచేసేచోట అరవైమంది చాలు. సంఘంలో చేరితే తీసేస్తామని బెదిరించడం కోడ్ ప్రకారం తప్పు. జరిమానా పదివేల నుంచి రెండు లక్షల దాకా.

చిక్కల్లా రుజువు దగ్గరే. యూనియన్ వల్ల తీసేశామని ఎవరూ రాసివ్వరు. టార్గెట్ అందలేదంటారు, లేదా రాజీనామా కాగితం ముందు పెడతారు. దానిమీద సంతకం చేయొద్దు. పే స్లిప్పులు, ఐడీ కార్డు, పీఎఫ్ నంబరు ఇంట్లో దాచండి. బెదిరించిన తేదీ, మాట, విన్నవాళ్ల పేర్లు ఆ రోజే రాసిపెట్టుకోండి. కోపమొచ్చి అందరూ కలిసి ఒకేరోజు లీవు పెట్టారా, జాగ్రత్త: సగంమందికి చేరితే కోడ్ దాన్ని సమ్మె కిందే లెక్కగడుతుంది. సమ్మెకు 14 రోజుల ముందు నోటీసు తప్పనిసరి.

మీ ఇల్లు ఆంధ్రలో ఉన్నా ఫ్యాక్టరీ బాగేపల్లి, గౌరిబిదనూరు వైపుంటే ఫిర్యాదు కర్ణాటక కార్మిక శాఖకే. పని తీసేస్తే రెండేళ్లలోపే వెళ్లాలి.

చొక్కాకు కుట్టే లేబుల్ మీది విదేశీ పేరు కూడా రాసుకోండి. 2020లో శ్రీరంగపట్నంలో ఒక గార్మెంట్ ఫ్యాక్టరీ మూసేస్తే, సంఘం ఆ బట్టలు కొనే విదేశీ బ్రాండునూ నిలదీసింది. 2021 ఫిబ్రవరిలో యాజమాన్యం సంఘంతో ఒప్పందానికొచ్చింది.

లాయరుకు డబ్బుల్లేవని ఆగొద్దు. ఆడవాళ్లకు ఆదాయంతో పనిలేకుండా న్యాయ సేవాధికార సంస్థ ఉచితంగా లాయరును ఇస్తుంది. ఫోను నంబరు 15100.