పోటు కోసం కాచుకునే చేపల బజారు

ఘంటసాల ఇప్పుడు వరిపొలాల నడుమ ఉన్న ఊరు. ఇక్కడికి సముద్రపు చేప రావాలంటే సుమారు 20 కిలోమీటర్ల దూరంలోని మచిలీపట్నం నుంచి రావలసిందే. కాని క్రీ.శ. 2వ శతాబ్దంలో టాలెమీ అనే గ్రీకు భూగోళ శాస్త్రజ్ఞుడు ఈ తీరంలో పేర్కొన్న వర్తక స్థలాల్లో ఒకటి ఈ ఊరేనని చరిత్రకారులు భావిస్తారు. మరి సముద్రం ఎక్కడికి పోయింది?

సముద్రం ఎక్కడికీ పోలేదు. నేలే ముందుకు జరిగింది. సముద్రంలో కలిసేచోట కృష్ణానది వేగం తగ్గుతుంది. వేగం తగ్గితే ఒండ్రును మోసే శక్తీ తగ్గుతుంది. అలా దిగిన ఒండ్రు వేల సంవత్సరాలు పేరుకొని డెల్టాగా మారింది.

మచిలీపట్నం పక్కనున్న గిలకలదిండి చేపల రేవుకూ ఇటువంటి చిక్కే ఉంది. అలలు తీరం వెంట నెట్టుకొచ్చే ఇసుక, ఒండ్రు కలిసి సముద్రపు మొగలో మేట వేస్తాయి. మొగ పూడినప్పుడు లోతు చాలక, మరపడవలు పోటు వచ్చేదాకా బయటే ఆగాలి. ఒక పోటుకూ మరొక పోటుకూ మధ్య సుమారు 12 గంటల 25 నిమిషాలు పడుతుంది.

పడవ ఆగుతుంది గాని, చేప చెడిపోవడం ఆగదు. చచ్చిన చేప చర్మం, మొప్పలు, పేగుల్లోని బాక్టీరియా కండమీద పడుతుంది. సముద్రపు చేపల్లోని ఒక పదార్థాన్ని అది ట్రైమిథైల్ అమీన్‌గా మారుస్తుంది. మనకు తెలిసిన నీచువాసనకు ముఖ్య కారణం ఇదే. వేడి పెరిగినకొద్దీ ఈ పని వేగంగా సాగుతుంది.

పూర్వులకు తెలిసిన ఉపాయం ఉప్పు, ఎండ. ఉప్పు ద్రవాభిసరణం వల్ల చేపలోని నీటిని బయటికి లాగుతుంది. నీరు చాలక బాక్టీరియా పెరగలేదు. ఎండుచేప నెలల తరబడి నిలిచేది అందుకే.

పచ్చిచేపకు మాత్రం మంచుగడ్డే దిక్కు. 1 గ్రాము మంచు కరగడానికి 80 కాలరీల వేడి కావాలి. ఆ వేడిని అది చేపనుంచి లాగుకుంటుంది. 30 డిగ్రీల వద్ద ఉన్న 1 కిలో చేపను 0 డిగ్రీలకు చల్లార్చడానికి దాదాపు 1/3 కిలో మంచు చాలు. కాని బయటి వేడి కూడా మంచును కరిగిస్తుంది గనుక, ఆగిన ప్రతి గంటకూ మరికొంత మంచు కావాలి. మంచు అయిపోయాక వచ్చిన పోటు ఎవరికి లాభం?

రేవులో పాట మొదలవగానే కొనేవారు ముందు మొప్ప ఎత్తి చూస్తారు. ఎర్రగా ఉంటే మంచి ధర. పాలిపోతే ధర పడిపోతుంది. వలలాగిన వారి కష్టానికి విలువ అక్కడే తేలుతుంది.

చేసి చూడండి: సమానమైన రెండు మంచుముక్కలు తీసుకోండి. ఒకదాన్ని ఊకలో కప్పిపెట్టండి. రెండోదాన్ని గాలికి వదలండి. ఏది ముందు కరిగింది? ఎందుకు? పడవలోని మంచు పెట్టెకు గోడలు ఎలా ఉండాలో మీరే చెప్పండి.