చెరువునీటికి ప్రాణుల సాక్ష్యము

పంచాయతీ సభ్యులారా,

బద్వేలుకు ఉత్తరమున నున్న పోరుమామిళ్ల చెరువును ఎరుగనివారు మన ప్రాంతమున నుండరు. విజయనగర ప్రభువగు బుక్కరాయల కుమారుడు భాస్కరుడు దానిని కట్టించి, 1369లో శాసనము వేయించెను. మంచి చెరువునకు కావలసిన పండ్రెండు అంగములును, తగని ఆరు దోషములును అందు చెప్పబడియున్నవి. తీయని నీటి నది అంగములలో నొకటి; చవుడు నేల దోషములలో నొకటి. ఊరి మురుగు మాట ఆ ఆరింటిలో లేదు. నేడు అట్టి శాసనము వేయించువారుండినచో దానిని ఏడవ దోషముగా చేర్చక తప్పదని మాకు తోచుచున్నది.

మురుగు చేరినదీ లేనిదీ తెలిసికొనుట ఎట్లు? సీసాలో నీరు పట్టి ప్రయోగశాలకు పంపుట ఒక మార్గము. అది అవసరమే. కాని ఆ సీసా తాను నిండిన ఘడియనాటి నీటి సంగతి మాత్రమే చెప్పును. రాత్రివేళ కాలువలోనికి వదలిన మలినము తెల్లవారునప్పటికి కొట్టుకొనిపోవచ్చును. నీటియందే పుట్టి, నెలల తరబడి నీటియందే బ్రతుకు ప్రాణి మాత్రము ఆ రాత్రియు అక్కడనే యుండెను. అది బ్రతికినదా, చచ్చినదా, దాని చోట మరియొకటి చేరినదా యని చూచుటయే ఈ విద్య. జర్మనీ దేశమున కోల్క్‌విట్జ్, మార్సన్ అను ఇరువురు శాస్త్రజ్ఞులు 1902లో దీనికొక పద్ధతి నేర్పరచిరి. మన కేంద్ర కాలుష్య నియంత్రణ మండలియు, అడుగున నుండు పురుగులనుబట్టి నీటిని తరగతులుగా విభజించు కొలతలను రూపొందించినది.

పంచాయతీవారికి అంత శాస్త్రము అక్కరలేదు. తెల్లవారకముందు కట్టమీదికి పోయిన చాలును. పగలు నీటిమొక్కలును నాచును ఎండలో ప్రాణవాయువును విడుచును. రాత్రి అవియు దానిని పీల్చుకొనును. కావున వేకువజామున నీటిలో ప్రాణవాయువు మిక్కిలి తక్కువగా నుండును. మురుగు చేరిన చెరువులో ఆ కుళ్ళును తిను సూక్ష్మజీవులు మిగిలినదానిని కూడ హరించును. అప్పుడు చేపలు పైకి వచ్చి, నోళ్ళు తెరచుకొని ఎగబీల్చుచుండును. ప్రొద్దెక్కిన తరువాత పోయినవారికి ఈ దృశ్యము కనబడదు. చెరువు బాగుగనే యున్నదని తిరిగివత్తురు. మా వంటి ఉద్యోగులు సాధారణముగా ప్రొద్దెక్కిన తరువాతనే వత్తురని వేరుగ చెప్పనక్కరలేదు.

బొచ్చె, శీలావతి చేపలు చచ్చి కొర్రమీను మాత్రము మిగిలినచో సంతోషింపరాదు. కొర్రమీను పైగాలిని పీల్చి బ్రతుకగలదు, దోమపిల్లలును అంతియే. వానినిబట్టి నీరు మంచిదనుకొనుట పొరపాటు. అడుగు బురదను జల్లెడలో కడిగి చూడుడు. దారపు ముక్కలవంటి ఎర్రని పురుగులు తప్ప మరేమియు లేనిచో కుళ్ళు ముదిరినదని అర్థము. ఆ ఎరుపు మన నెత్తురునకు ఎరుపునిచ్చు పదార్థము వంటిదే. కొద్దిపాటి ప్రాణవాయువును పట్టియుంచుటకు అది వానికి తోడ్పడును. వానలకు సగిలేరు పారునప్పుడు రాళ్ళను తిరుగవేసి చూడుడు. తోకవైపు మూడు సన్నని పోగులు గల చిన్న పురుగులు కనబడినచో అది శుభసూచకము. మలినమునకు అవి త్వరగా నశించును.

ఐతే మన సీమలో ఒక చిక్కు కలదు. వేసవిలో చెరువు ఇంకి గుంటయైనప్పుడు మురుగు లేకున్నను చేపలు ఎగబీల్చును. కావున ఈ యేటి మాఘమును గత యేటి మాఘముతో పోల్చవలెనే గాని, కార్తికముతో వైశాఖమును పోల్చరాదు. ఇందుకై పంచాయతీ కచేరీలో ఒక పుస్తకమును పెట్టి, నెలకొకమారు చూచినది వ్రాయించుట మేలు. నీటిపై రంగు పోసినట్లు నీలాకుపచ్చ తెట్టు కట్టినప్పుడు మాత్రము పుస్తకముతో ఆగరాదు. ఆ నాచులో కొన్ని రకములు విషమును పుట్టించును; ఆ నీటిని త్రాగి పశువులు చచ్చుట కలదు; కాచినను ఆ విషము పోదు. ఆ రేవును వెంటనే మూయింపవలెను.

ప్రాణుల సాక్ష్యము ఆలస్యముగా అందిన సందర్భమును కలదు; అది వెలికొండల ఆవలనే జరిగినది. 1930 తరువాతి తొలి సంవత్సరములలో నాటి నెల్లూరు జిల్లా రైతులు, తమ ఎద్దులు కీళ్ళు బిగిసి నడువలేకపోవుటను గమనించిరి. కొన్నియేండ్లకు మనుష్యులలోను అదే వ్యాధి కనబడినది. 1937లో వైద్యులు దానిని లోకమునకు తెలిపిరి. కారణము నీటిలోని ఫ్లోరైడు. ఎద్దు నిజమే చెప్పినది. కాని అది కుంటునప్పటికి అదే నీటిని ఇంటిల్లిపాదియు ఏండ్ల తరబడి త్రాగియుండిరి. ఫ్లోరైడు నీటిలో కంటికి కనబడదు, నాలుకకు తెలియదు, కాచిన పోదు. బోరునీటిలో దాని సంగతి చెప్పుటకు చేపయు లేదు, పురుగును లేదు. త్రాగునీటిలో అది లీటరునకు 1 మిల్లీగ్రామును మించరాదని జాతీయ ప్రమాణము. వేరు ఆధారము లేనిచో 1.5 వరకు. దీనిని పరీక్షచేతనే తెలిసికొనవలెను.

త్రాగునీటిలో మలము కలిసినదో లేదో చెప్పుటకు మరల ప్రాణులే పనికివచ్చును; ఇవి కంటికి ఆనవు. 1982లో గ్వాలియరునందలి రక్షణ పరిశోధన శాస్త్రజ్ఞులు ప్రకటించిన పద్ధతి ప్రకారము, మందు పట్టించిన కాగితపు ముక్క గల సీసాలో గీతవరకు నీరు పోసి, ఒకటి రెండు దినములు వెచ్చని చోట నుంచుదురు. మలసంబంధమగు సూక్ష్మజీవులున్నచో నీరు నల్లబడును. 2019లో ప్రారంభమైన జలజీవన్ మిషన్ క్రింద, ప్రతి గ్రామమున ఐదుగురు స్త్రీలకైనను నీటి పరీక్షలు నేర్పవలెనని ఏర్పాటు కలదు. మీ గ్రామమున ఆ ఐదుగురు ఎవరో, వారికిచ్చిన పెట్టె ఎవరి బీరువాలో నున్నదో, అందలి మందులకు గడువు తీరినదో లేదో రాబోవు సమావేశమున అడుగుడు.

ఒకనాడు చేపలు గుంపుగా చచ్చి తేలినచో, వానిని అమ్మనీయకుడు, తిననీయకుడు. పశువులను నీటికి వదలనీయకుడు. ఆ గంటలోనే శుభ్రమైన సీసాలలో నీరు పట్టి, దినమును, వేళను, రేవు పేరును వ్రాసి, చల్లగా నుంచి గ్రామీణ నీటి సరఫరా శాఖవారి ప్రయోగశాలకు పంపుడు. కాలుష్య నియంత్రణ మండలికిని కబురు చేయుడు. మధ్యాహ్నము పట్టిన నీటిలో ఉదయపు సంగతి దొరకకపోవచ్చును.