వరి మడి పక్కన బొప్పాయా? ముందు భూమి చూడండి

జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల ప్రాంతాల్లో వరి, మక్క, పసుపు కాక మరో పంట చూద్దామనుకునే చిన్న రైతుకు బొప్పాయి ఆశ చూపిస్తుంది. నాటిన 9, 10 నెలలకే కోతకొస్తుంది. మన వేడి, వానకాలపు ఉక్క దీనికి పడతాయి. పడనిది మొదట్లో నిలిచే నీరు. రెండు రోజులు నిలిచిందంటే వేర్లు కుళ్లి చెట్టు వాలిపోతుంది.

చుట్టూ వరి మళ్లున్న పల్లపు భూమిలో ఊట ఆగదు. అక్కడ పెట్టకండి. నీరు జారిపోయే ఎర్ర చెలక మేలు. అడుగు ఎత్తు బోదెలు తోలి, 6 అడుగుల ఎడంతో నాటితే ఎకరాకు 1,210 మొక్కలు పడతాయి. మొదలుకు మట్టి ఎగదోయండి, పారే నీరు కాండానికి తగలకూడదు. మొదలు మెత్తబడితే లీటరు నీటికి 3 గ్రాముల కాపర్ ఆక్సీక్లోరైడ్ కలిపి చుట్టూ తడపండి.

తైవాన్ రెడ్ లేడీలో మగ చెట్లు రావు, గుంటకు ఒక మొక్క చాలు. అయితే అది హైబ్రిడ్. దాని పండులోని గింజలు పోస్తే తల్లిలాంటి చెట్లు రావు. విత్తనం ఖరీదని ఈ పని చేసి ఏడాది పోగొట్టుకోకండి.

ఇక అసలు భయం ఉంగరపు మచ్చల వైరస్. లేత ఆకులు పసుపు మచ్చలతో ముడుచుకుని దారాల్లా సన్నబడతాయి, కాయపై ఉంగరాల్లాంటి మచ్చలు వస్తాయి. దీనికి మందు లేదు. ఎవరైనా ఉందని అమ్మితే కొనకండి. పేనుబంక క్షణాల్లో రసం పీల్చి రోగం అంటించి పోతుంది, మందు దాన్ని చంపేలోపే నష్టం జరిగిపోతుంది. కాబట్టి రాకుండా చూసుకోవడమే దారి. నారు వల కింద పెంచండి. నాటడానికి నెల ముందే తోట చుట్టూ రెండు మూడు వరుసలు మక్క గానీ జొన్న గానీ ఒత్తుగా వేయండి. పసుపులో మక్క వేసే అలవాటు మనకున్నదే! ఎగిరొచ్చే పేను ముందు మక్కపై వాలి పీల్చితే, దాని మూతికున్న వైరస్ అక్కడే పోతుంది. దోస, సొర, గుమ్మడి పక్కన వేయకండి, వాటికీ ఈ వైరస్ సోకుతుంది. రోగం పట్టిన చెట్టును, కాయలున్నా సరే, ఆరోజే పీకి కాల్చండి. అనుమానముంటే పొలాస పరిశోధన స్థానంలో అడగండి.

మొదటిసారి అర ఎకరం చాలు. కొనేవారిని ముందే మాట్లాడుకోండి. కాయపై పసుపు చార తొంగిచూడగానే తొడిమతో కోసి, కాగితం చుట్టి పంపాలి.