గట్టు మీది కానుగ, గోతంలోని డీజిల్

అశ్వని కార్తె ఎండకు దమ్మపేట చుట్టుపక్కల వాగు గట్ల మీద కానుగ చెట్లు పాత ఆకు రాల్చి, నూనె పూసినట్టు మెరిసే చిగురు తొడుగుతున్నాయి. పోయినేడు పూసిన పూత ఇప్పుడు గోధుమరంగు కాయై రాలుతోంది. చాలాచోట్ల అది పడ్డచోటే పశువుల కాళ్ళ కింద నలిగి మట్టిలో కలుస్తుంది. నాలుగు కిలోల గింజ ఆడిస్తే సుమారు లీటరు నూనె దిగుతుందని, అది డీజిల్ ఇంజన్లో మండుతుందని తెలిసినవాళ్ళు కూడా వంగి ఏరరు. కూలి గిట్టదంటారు. ఆ లెక్కలో సగమే నిజం, ఎందుకంటే గానుగ దగ్గర మిగిలే చెక్క అందులో చేరలేదు.

ఈ ప్రాంతానికి నూనె చెట్టు కొత్తేమీ కాదు. దమ్మపేట, అశ్వారావుపేట మండలాల్లో ఎటు చూసినా పామాయిల్ తోటలే. ఆయిల్‌ఫెడ్ ఫ్యాక్టరీలు అశ్వారావుపేటలో ఒకటి, అప్పారావుపేటలో ఒకటి ఉన్నాయి. ఇండోనేషియా ఇదే పామాయిల్‌తో చేసిన ఇంధనాన్ని డీజిల్‌లో నూటికి 40 పాళ్ళు కలపడం 2025లో మొదలుపెట్టింది. మనమూ కలపొచ్చు కదా అని అడిగే రైతులున్నారు. దేశంలో వాడే వంటనూనెలో సగానికి పైగా దిగుమతి చేసుకుంటున్నప్పుడు గెల నూనె వంటింటికి పోవడమే న్యాయం. అయితే గెల నూనెకే ఆగిపోదు. నూనె తీశాక మిగిలే పీచు, పెంకు మిల్లు బాయిలర్‌లో మండి ఆవిరి పుట్టిస్తాయి. బొగ్గు అక్కర్లేకుండా చెట్టు నుంచి వచ్చిన ఇంధనంతో ఫ్యాక్టరీ నడపడమంటే అదే. ట్యాంకులో పోసే నూనె మాటకొస్తే, దానికి తినడానికి పనికిరాని గింజలే సరైనవి. వాటిలో ముందు చెప్పుకోవాల్సింది కానుగ. (కొన్ని ఊళ్ళలో ఈ చెట్టునే గానుగ చెట్టంటారు.)

కానుగ కన్నా ముందు అడవి ఆముదం కథ గుర్తు చేసుకోవాలి. ఇరవై ఏళ్ళ కిందట దాన్ని పచ్చ బంగారమన్నట్టు ఊరేగించారు. 2002 డిసెంబరు 31న ఢిల్లీ–అమృత్‌సర్ శతాబ్ది ఎక్స్‌ప్రెస్‌ను 5 శాతం బయోడీజిల్ కలిపి నడిపి చూశారు. 2017 నాటికి 20 శాతం కలపాలని 2009లో కేంద్రం విధానమే ప్రకటించింది. 2018లో కొత్త విధానం వచ్చేసరికి బయోడీజిల్ లక్ష్యం 2030కి 5 శాతానికి దిగింది. అదే ఏడాది ఆగస్టులో అడవి ఆముదం నూనెతో చేసిన ఇంధనం కలిపి డెహ్రాడూన్ నుంచి ఢిల్లీకి విమానం ఎగిరింది. విమానమైతే ఎగిరింది గానీ రైతు చేలో కాయ రాలేదు. మొక్క నీళ్ళు లేకపోయినా బతుకుతుంది, కానీ కాయాలంటే దానికీ నీళ్ళు, ఎరువు కావాలి. బతకడాన్నే కాపు అనుకోవడం దగ్గరే దెబ్బ తగిలింది. పైగా కాయలన్నీ ఒక్కసారి పండవు, మళ్ళీ మళ్ళీ కోతకు మనిషిని పెట్టాలి. గింజ విషం కూడా, పిల్లలకు అందకూడదు.

కానుగ విషయంలో అడవి పక్క ఊళ్ళకు దగ్గరి ఉదాహరణ ఆదిలాబాద్ గిరిజన గూడేలది. ఉట్నూరు ప్రాంతంలోని చల్పడిలో కానుగ నూనెతోనే జనరేటర్ నడిపి ఇళ్ళల్లో దీపాలు వెలిగించారు. జైనూరు మండలం పవర్‌గూడలో మహిళా సంఘం ఐటీడీఏ ఇచ్చిన నూనె మిల్లు నడిపింది, ఇక్రిశాట్ అండగా నిలిచింది. 2003 అక్టోబరులో ఆ సంఘం 147 టన్నుల కార్బన్ డయాక్సైడ్ తగ్గింపును ప్రపంచ బ్యాంకుకు అమ్మి 645 డాలర్లు అందుకుంది. అప్పటి మారకంలో అది దాదాపు 30 వేల రూపాయలు. చెక్కు చిన్నదే. కానీ గట్టు మీది కానుగ కోసం ఎవరూ పంటచేను వదులుకోనక్కర్లేదు, ఇక్కడి రైతు ముందుగా పట్టించుకోవలసింది ఆ సంగతే.

ఇక ఇప్పటి పని. పచ్చికాయ దులపొద్దు. కాయ ఎండి గోధుమరంగుకు తిరిగాకే సన్న కర్రతో తట్టాలి, గట్టిగా బాదితే ఈ నెలలో రాబోయే పూత కూడా రాలిపోతుంది. కాయలు నాలుగు రోజులు ఎండలో పోసి కర్రతో కొడితే పొట్టు విడుతుంది. గింజ ఎర్రటి తోలుతో గట్టిగా ఉండాలి, గోరు దిగకూడదు. ఇంకా చెమ్మ ఉండగానే గోతాలకెత్తితే బూజు పట్టి నూనెలో ఆమ్లం పెరుగుతుంది. అలాంటి నూనె బయోడీజిల్ చేయబోతే సబ్బయి కూర్చుంటుంది.

వంద కిలోల గింజకు 25 లీటర్ల నూనె, 70 కిలోలకు పైగా చెక్క వస్తాయి. చెక్కలో నత్రజని దాదాపు 4 శాతం. అంటే ఆ చెక్క ఒక్కటే ఆరు కిలోల యూరియాతో సమానం, చెదలు తగ్గడం దాని పైన లాభం. చేదెక్కువ కాబట్టి పశువులకు పెట్టొద్దు, పొలానికే వేయాలి. కూలి గిట్టే లెక్క ఇక్కడే సరిపోతుంది.

నూనె మాటేమిటి? 1900లో ప్యారిస్ ప్రదర్శనలో డీజిల్ ఇంజన్‌ను వేరుశనగ నూనెతో నడిపి చూపారు కాబట్టి ఏ నూనె అయినా పోసేయొచ్చని అనుకోకూడదు. పచ్చి కానుగ నూనె డీజిల్ కన్నా దాదాపు పదింతలు చిక్కన. పాతకాలపు నెమ్మది ఇంజన్‌కు, బట్టలో వడకట్టి వారం తేర్చిన నూనెను నూటికి ఇరవై పాళ్ళు మించకుండా కలపొచ్చు. మొదలు, చివర ఉత్త డీజిల్‌తోనే నడపాలి, లేకపోతే నాజిల్‌లో మసి గడ్డకడుతుంది. కొత్త ట్రాక్టర్లలో పచ్చి నూనె చుక్క కూడా పోయొద్దు. మిథనాల్‌తో నూనెను బయోడీజిల్‌గా మార్చే పని ఇంటి పెరట్లో చేసేది కాదు. మిథనాల్ విషం, క్షణంలో అంటుకుంటుంది. నిజం చెప్పాలంటే ఉచిత కరెంటు వచ్చాక బోరు దగ్గర ఆయిల్ ఇంజన్లే తగ్గిపోయాయి. కాబట్టి గింజను నలుగురు కలిసి ఆడించి, నూనె అమ్మి, చెక్క పంచుకోవడం చాలామందికి తేలిక.

నాటేవాళ్ళు గింజ రాత్రంతా నీళ్ళలో నానబెట్టి ఇప్పుడే సంచుల్లో పెట్టుకోవచ్చు. రెండు వారాల్లో మొలుస్తుంది, మృగశిర దాటి వానలు నిలకడయ్యాక గట్టున నాటాలి. విత్తనం మొక్కకు కాపు రావడానికి ఐదారేళ్ళు, అంటు మొక్కకు మూడు నాలుగేళ్ళు పడుతుంది. కానుగలో పక్కపక్క చెట్లకే కాపులో పోలిక ఉండదు. ఒకటి గోతం నింపితే ఇంకొకటి గంప కూడా నింపదు. అందుకని ఈ పది రోజుల్లో కాయ బాగా దిగిన చెట్టు మొదట్లో సున్నం పట్టీ వేసుకోవాలి. వచ్చే అశ్వనికి కూడా అది అలాగే కాస్తే అంటుకు కొమ్మ దాని నుంచే తీసుకోవాలి.